గోలు ముందు మడి

వందేళ్ళ చరిత్ర, రెండు ఊళ్ళ మధ్య మూడు తరాల పగ, ఒక ప్రపంచ యుద్ధం, ఒక దొంగతనం, నలభై మంది వీరులు, వాళ్ళను ముంచిన ఒక ద్రోహి. ఇవన్నీ ఉన్న ఇతిహాసం చెప్పబోతున్నాను. కాస్త సర్దుకుని కూర్చోండి.

మరీ అంత సర్దుకోనక్కర్లేదు. నిజానికి ఇది ఒక నీటిగుంట కథ. ఆ గుంట పోలండ్‌లో ఉండేది, నేను ఖతర్‌లో ఉండేవాణ్ణి, మధ్యలో ఒక ఫోను. యుద్ధం ఉంది గాని నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. దొంగలు ఎత్తుకుపోయింది ఒక రాతి రోలరు. ద్రోహిని నేనే, అదీ ఎవరికో మంచి చేద్దామని పోయి.

నాది గడ్డి పని. దోహాలో, అల్ తుమామా వైపు ఒక ప్రాక్టీస్ గ్రౌండ్ ఉంది. దాని గడ్డి చూసుకునే కంపెనీలో నేనొకణ్ణి. కోయడం, నీళ్ళు పెట్టడం, చిల్లులు పొడవడం, ఇసుక చల్లడం, ఆటగాళ్ళ బూట్లకు లేచిపోయిన పెళ్ళలను మళ్ళీ అతికించడం. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఈ ఉద్యోగాన్ని ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. మా ఊరికి గల్ఫ్ మొత్తం దుబాయే. "దుబాయ్‌ల ఏం జేస్తున్నవురా" అని మా పెద్దమ్మ అడిగితే గడ్డి పెంచుతున్నానని చెప్పాను.

"ఎవలి బర్లకురా?"

"బర్లు లేవు పెద్దమ్మా. ఉత్తగనే పెంచుతం. పెరిగినంక కోస్తం."

"కోసి?"

"పారేస్తం."

పెద్దమ్మ ఫోను పెట్టేసింది. తర్వాత మా అమ్మకు ఫోన్ చేసి, పిల్లగానికి అక్కడ ఎండ దెబ్బ తగిలినట్టుంది, ఒక్కసారి పిలిపించుకో అని చెప్పిందట.

గ్రౌండ్ మీద మా పెద్ద ఒక పోలండ్ మనిషి. మేము సార్ అనేవాళ్ళం. యాభై దాటిన వయసు, పొడుగు, ఎండకు కమిలిన మెడ. జేబులో ఎప్పుడూ ఒక చిన్న కత్తి ఉండేది. దాంతో గడ్డిలో వేలెడంత ముక్క కోసి తీసి, అడుగున మట్టి నలిపి, వాసన చూసి, మళ్ళీ ఎక్కడిది అక్కడే పెట్టేవాడు. ఆ వాసనలో ఏం తెలిసేదో నాకిప్పటికీ తెలియదు. ఒకసారి నేనూ చూశాను. మట్టి వాసన వచ్చింది.

పనివాళ్ళుండే క్యాంపులో నా గదిలోనే ఉండే కాక కూడా ఆ పనే. నాకు చుట్టం కాదు, వయసులో పెద్ద గనుక కాక. మెట్‌పల్లి వైపు మనిషి, ముప్పై ఏళ్ళు వరి పండించి, పొలం తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడు. సార్ మాత్రం ఆయన్ని కాకా అని పిలవడానికి ససేమిరా అన్నాడు. కారణం అడిగితే మొదటి నెల చెప్పలేదు. రెండో నెల చెప్పాడు: వాళ్ళ భాషలో పసిపిల్లలు చెడ్డీ తడుపుకున్నప్పుడు కాదు, అంతకంటే పెద్ద పని చేసినప్పుడు తల్లులు అనే మాటట. అందుకని చీఫ్ అని పిలిచేవాడు. ఈ సంగతి కాకకు నేను చెప్పలేదు. చీఫ్ అంటే ఆయనకు బాగానే ఉండేది.

కాక మొదటి రోజు మా గ్రౌండ్ చూసి పెదవి విరిచాడు. గడ్డి కింద మూరెడు ఇసుక, ఇసుక కింద గులకరాళ్ళు, వాటి కింద పైపులు. ఎన్ని నీళ్ళు పోసినా నిమిషంలో మాయం. "ఇది పొలం గాదురా, జల్లెడ" అన్నాడు. నీళ్ళు ఆపలేని భూమిని ముప్పై మంది మనుషులు ఎందుకు కాపలా కాస్తున్నారో ఆయనకు ఎప్పటికీ అర్థం కాలేదు.

ఇక సార్ క్లబ్బు. పోలండ్‌లో ఫుట్‌బాల్ లీగులు మెట్లలాగా ఉంటాయి. పై మెట్టు టీవీలో వస్తుంది. సార్ వాళ్ళ ఊరి క్లబ్బు పైనుంచి ఆరో మెట్టు మీద, ఏడో మెట్టు మీదికి ఒక కాలు జారి ఉండేది. మా మండలం కబడ్డీ టీము ఒకసారి జిల్లా దాకా వెళ్ళింది గనుక మా టీము మీద నాకున్న గౌరవం ఆరోజు రెట్టింపైంది.

గడ్డి కోసే మిషన్ల మీద పక్కపక్కన పోతూ ఆ చరిత్ర అంతా విన్నాను. రైలు డబ్బాలు బాగుచేసే వర్క్‌షాపు పనివాళ్ళు పెట్టిన క్లబ్బు అది. ఆదివారాలు పారలు పట్టుకొచ్చి నేల చదును చేసుకున్నారు. యుద్ధంలో తిండి లేక ఆ మైదానం దున్ని ఆలుగడ్డలు వేశారు. యుద్ధం అయిపోయాక మళ్ళీ గడ్డి పోశారు. తర్వాత రెండేళ్ళు సరిగ్గా మధ్యగీత మీద ఆలుగడ్డ మొక్కలు మొలుస్తూనే ఉన్నాయట. ఆట ఆపి పీకి, మళ్ళీ ఆడేవారట. యుద్ధం అయిపోయింది, చెప్పానుగా.

క్లబ్బు చరిత్రలో అన్నిటికన్నా గొప్ప రోజు, పై మెట్టు టీము ఒకటి కప్పు మ్యాచ్‌కు ఆ ఊరు వచ్చిన రోజు. మొదటి సగం సున్నా సున్నా. సార్ ఆ నలభై అయిదు నిమిషాలను గంటన్నర చెప్పగలడు. రెండో సగం ఏమైందని అడిగితే మాత్రం నీళ్ళ పైపు చూసొస్తానని వెళ్ళిపోయేవాడు.

పగ సంగతి. ఏడు కిలోమీటర్ల దూరంలో ఇంకో ఊరు, దానికీ ఒక క్లబ్బు. వీళ్ళ తాతల కాలంలో వాళ్ళు రాతి రోలరు అరువు తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. అసలు అది మాదే, మీరే మా దగ్గర అరువు తీసుకున్నారు అని వాళ్ళ వాదన. ఆ రోజు నుంచి ఈ క్లబ్బు అభిమానులు ఆ గ్రౌండ్‌లో కాలు పెట్టరు. అక్కడ మ్యాచ్ ఉంటే అందరూ వెళతారు, వెళ్ళి బయట రోడ్డు మీద నిలబడి కంచె సందుల్లోంచి చూస్తారు. అటువైపు గోలు కనబడదు. అరుపులు విని, అవి ఎవరివో పోల్చుకుని, అప్పుడు ఏడవాలో నవ్వాలో తేల్చుకుంటారు.

ఆ అభిమానులు మొత్తం నలభై మంది. ఎండలో వానలో వస్తారు, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఊస్తూ కూర్చుంటారు, లేచేసరికి బెంచీల కింద కల్లంలా పొట్టు. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసే ఒకావిడ డోలు కొడుతుంది. సీజన్‌లో ఆఖరి మ్యాచ్ అయ్యాక వాళ్ళకొక ఆచారం ఉంది. అందరూ మైదానంలోకి దిగి, భుజం భుజం ఆనించి ఒకే వరుసలో నిలబడి, ఈ గోలు నుంచి ఆ గోలు దాకా నడుస్తారు. లేచిన గడ్డి పెళ్ళలను మడమతో నొక్కుకుంటూ. సార్ ఆ వీడియో చూపిస్తే కాక ఫోను చేతిలోకి తీసుకుని, "నాట్లేస్తున్నరు గదరా" అన్నాడు. ఆయన మొహంలో ఖతర్ వచ్చాక మొదటిసారి కొంచెం ఇష్టం కనబడింది.

సార్ కాంట్రాక్టు ఇంకో ఏడాది ఉండేది. అది కాగానే ఇంటికి పోయి ఆ మైదానం చూసుకోవడం ఆయన ప్లాను. జీతం లేని ఉద్యోగం. ఇన్ని దేశాలు తిరిగి గడ్డి నేర్చుకున్నదంతా దానికే అన్నట్టు ఒక్కసారే చెప్పాడు, అది కూడా మిషన్ చప్పుడులో.

ఈద్ సెలవులు అయిపోయిన వారం, ఆదివారం పొద్దున, ఆయనకు డోలావిడ నుంచి ఒక ఫోటో వచ్చింది. గోలు ముందు నీళ్ళు, పరుపంత. చలికాలం మంచు కరిగి నిలిచిన నీళ్ళు. కింద కబురు: జిల్లా లీగువాళ్ళు శనివారం గ్రౌండ్ తనిఖీకి వస్తున్నారు. పాస్ కాకపోతే మిగతా సీజను సొంత మ్యాచులన్నీ దగ్గర్లో ఉన్న వేరే గ్రౌండ్‌లో ఆడాలి. దగ్గర్లో ఉన్న గ్రౌండ్ ఒక్కటే. ఏడు కిలోమీటర్ల దూరంలో, రోలరు ఉన్న చోట.

అంటే నలభై మంది సొంత మ్యాచులు కూడా రోడ్డు మీద నిలబడి చూడాలి. సార్ లెక్క ఇంకా ముందుకు పోయింది: ఒక సీజన్ రోడ్డు మీద నిలబడితే వచ్చే సీజన్‌కు పదిమంది కూడా మిగలరు, మనుషులు లేని క్లబ్బుకు మున్సిపాలిటీ నేల ఇచ్చి ఉంచదు. అప్పుడు ఏడాది తర్వాత ఆయన ఇంటికి పోయి కోయడానికి ఏమీ ఉండదు.

సెలవు అడిగాడు. గురువారం విదేశీ టీము ప్రాక్టీసుకు వస్తోంది, కుదరదన్నారు. అప్పటి నుంచి ఆయనకు కాలు నిలవలేదు. పక్కగీత మీద ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు. గీత దాటి గడ్డి మీదికి వస్తే గడ్డి పాడవుతుందని ఆ బాధలో కూడా గుర్తుంది. ఆ జబ్బు మాకూ అంటుకుంది. ఏ పని మొదలుపెట్టినా సగంలో వదిలి ఫోను వైపు చూసేవాళ్ళం. మమ్మల్ని క్యాంపు నుంచి తెచ్చే వ్యాన్ డ్రైవర్ భాయ్, హైదరాబాద్ పాతబస్తీ మనిషి, క్రికెట్ తప్ప ఆట అనేది ఒకటుందని ఒప్పుకోనివాడు, ఆయన కూడా అద్దం దించి, "క్యా మియా, పానీ పోయిందా?" అని అడగడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం వీడియోలో డోలావిడ గుంట చుట్టూ తిరిగి చూపించింది. కాక సార్ భుజం మీదుగా చూస్తూ నన్ను గిచ్చాడు.

"నీళ్ళు ఏడికెల్లి వచ్చినయని అడుగుతున్నడు గాని, ఏడికి పోవాల్నో అడుగుతలేడు. గోలెనక ఏమున్నదో జూపియ్యమను."

నేను ఇంగ్లీషులో చెప్పాను, సార్ వాళ్ళ భాషలో చెప్పాడు, డోలావిడ గోలు వెనక్కి నడిచింది. కంచె అవతల ఎవరో కొత్తగా సిమెంటు బాట వేసుకున్నారు. దాని కింద పాత మురుగు కాలువ మూసుకుపోయి ఉంది.

"గండి కొట్టుమను" అన్నాడు కాక.

సోమవారం వాళ్ళు బాట అంచు పగలగొట్టి కాలువ తెరిచారు. మంగళవారం పొద్దున్నకు గుంట ఖాళీ. సార్ మా అందరి ముందు కాక చెయ్యి పట్టుకుని ఊపాడు. "చీఫ్ ఇంజనీర్" అన్నాడు. కాక ఆ రోజు భోజనం దగ్గర టోపీ తీయలేదు.

కథ ఇక్కడ ఆగి ఉంటే నేను ద్రోహిని అయ్యేవాణ్ణి కాదు.

మంగళవారం మధ్యాహ్నం సార్‌ను మదీనత్ ఖలీఫాలో ఉన్న ఆఫీసుకు పిలిచారు, గురువారం వచ్చే టీము గురించి మీటింగు. పోతూ నాతో, "వాళ్ళు ఫోన్ చేస్తే ఏమీ ముట్టుకోవద్దని చెప్పు. అట్లా వదిలేయమను, ఆరనీ" అన్నాడు. డోలావిడకు ఇంగ్లీషు వచ్చు, నా నంబరు ఆమె దగ్గర ఉంది.

ఆయన వ్యాన్ గేటు దాటిందో లేదో ఆమె ఫోన్ వచ్చింది. తెర మీద నలభై మంది. రబ్బరు బూట్లు వేసుకుని, పనులు మానుకుని వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నారు. గోలు ముందు అంతా గడ్డలు, గుంతలు, తవ్విన మట్టి. "మేము వచ్చేశాం. ఇప్పుడేం చేయాలి?" అంది.

ఏమీ చేయొద్దని చెప్పాలి. మూడు ముక్కలు. కాని మూడు రోజులుగా నాకే కుదురు లేదు, నలభై మందిని పట్టుకుని ఊరికే ఇళ్ళకు పొమ్మని ఎట్లా చెప్పేది? "ఒక్క నిమిషం" అని కాక వైపు తిరిగాను.

"కాకా, గడ్డలున్నయట. ఏం జెయ్యమంటవు?"

"ఏమున్నది దాంట్ల. దిగి తొక్కమను. వరుసగ నిలవడి, కాలికి కాలు ఆనిచ్చి. ఎంత తొక్కితే గంత సాపయితది. తొక్కినంక ఒక చెక్క గుంజమను."

"సార్ ముట్టద్దన్నడు."

"చెయ్యితోని ముడుతరా ఏంది. కాళ్ళతోనే గదా."

ఆ క్షణంలో ఇది నాకు న్యాయంగానే వినబడింది. చెప్పేశాను.

వాళ్ళు తొక్కారు. రెండు గంటలు. డోలావిడ ఫోను కంచెకు కట్టి డోలు కొట్టింది, మిగతావాళ్ళు ఏదో పాట పాడుతూ, భుజాల మీద చేతులు వేసుకుని, గోలు నుంచి పన్నెండు గజాల దూరంలోని పెనాల్టీ మచ్చ దాకా, మళ్ళీ వెనక్కి. సున్నం గీతలు వేసే ముసలాయన ఇంటి నుంచి పాత తలుపు ఒకటి మోసుకొచ్చాడు. దానికి తాడు కట్టి లాగారు. సార్‌ను దింపి వెనక్కి వచ్చిన డ్రైవర్ భాయ్ మా వెనక నిలబడి, "మస్త్ చేస్తున్నరు భాయ్, రోడ్డు రోలర్ నక్కో, అవసరమే లేదింక" అన్నాడు. చివరకు ఆ నేల ఎంత నున్నగా వచ్చిందంటే గోలు స్తంభం నీడ దాని మీద గీత గీసినట్టు పడింది. నలభై మంది మాకు చేతులు ఊపారు. కాక కూడా ఊపాడు. నేనైతే ఒక క్లబ్బును బతికించినంత గర్వంగా ఊపాను.

సాయంత్రం సార్‌తో అన్నీ బాగున్నాయని మాత్రం చెప్పాను. వివరాల్లోకి వెళ్ళలేదు.

ఆ రాత్రి అక్కడ వాన పడింది. బుధవారం పొద్దున ఫోటో వచ్చింది. గోలు నుంచి పెనాల్టీ మచ్చ దాకా నీళ్ళు, తేటగా, కదలకుండా. అందులో గోలు తలకిందులుగా కనబడుతోంది. వెనక కాలువ తెరిచే ఉంది, పొడిగా ఉంది. అందులోకి ఒక్క చుక్క పోలేదు. నీళ్ళ మీద రెండు బాతులు.

సార్ ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేశాడు.

"దీని మీద ఎవరు నడిచారు?"

"అందరూ" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"నేను."

ఈలోగా కాక చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోనులోకి తొంగి చూశాడు. మొహం విచ్చుకుంది. "జూసినవా. బొట్టు దిగలే. గింత మంచిగ దమ్ము నేను గూడ పట్టలే ఎన్నడు. ఇగ నారు పోసుడే."

"చీఫ్ ఏమంటున్నాడు?" అని సార్ అడిగాడు.

వేరే ఏదైనా చెబుదామా అని ఆలోచించాను. ఏమీ తోచలేదు. దమ్ము పట్టడమంటే వరి పొలంలో మట్టిని తడిపి తొక్కడమని, తొక్కితే మట్టిలో సందులన్నీ పూడి నీళ్ళు కిందికి దిగవని, వరికి అదే కావాలని, ఇప్పుడు అక్కడ తయారైంది చాలా మంచి మడి అని వివరంగా అనువాదం చేశాను. సార్ గడ్డి మీద కూర్చుండిపోయాడు. ఆ గడ్డి మీద ఎవరైనా కూర్చుంటే కేకలేసే మనిషి, వెళ్ళి మధ్యలో కూర్చున్నాడు.  

కాకకు నెమ్మదిగా చెప్పాను. "కాకా, వాళ్ళకు నీళ్ళు వద్దు."

"వద్దా?"

"వద్దనే గదా గండి కొట్టిచ్చింది."

"పాత నీళ్ళు తీసేస్తున్నరనుకున్న బిడ్డా. పాతయి తీసి కొత్తయి పెట్టుకుంటరు గదా ఎవలైన." మళ్ళీ ఫోనులోకి చూశాడు. "నీళ్ళు అద్దనేటోళ్ళుంటరని నాకెర్కనా."

టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆయన్ని నవ్వించడానికి ఏదో అన్నాను, పనిచేయలేదు. ఆ పూట నా జోకులన్నీ మా గ్రౌండ్ మీద పోసిన నీళ్ళలా ఎటు పోయాయో తెలియకుండా పోయాయి.

సార్ ఒక గంట తర్వాత లేచాడు. తిట్టలేదు. తిడితే కాస్త తేలిగ్గా ఉండేది. నన్ను పిలిచి, "రెండున్నర రోజులున్నాయి. ఈసారి నేను చెప్పింది చెప్పు, అంతే" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. ముందు బకెట్లతో నీళ్ళు తోడేయాలి. తర్వాత తోటపనికి వాడే, ఫోర్కులా నాలుగు ముళ్ళున్న గడ్డపారలు, ఎవరింట్లో ఉంటే వాళ్ళు తెచ్చుకుని, జానెడుకొక చోట, జానెడు లోతు పొడవాలి. పొడిచి తిప్పకూడదు, నిటారుగా పైకి తీయాలి. ఎవరూ ఆ మట్టి మీద నిలబడకూడదు, చెక్క పలకలు పరచుకుని వాటి మీద నిలబడాలి. చిల్లుల్లో పొడి ఇసుక పోయాలి. ఇంత తడిలో ఆ ఊళ్ళో పొడి ఇసుక ఎక్కడ దొరుకుతుందన్నది ప్రశ్న. దానికి సున్నం ముసలాయనే జవాబు చెప్పాడు. రైలింజన్లు తడి పట్టాల మీద జారకుండా చక్రాల కింద ఇసుక పోస్తారట. మూతపడిన వర్క్‌షాపులో ఆ ఇసుక కొట్టు ఇంకా ఉంది, పైకప్పుతో సహా. కాపలాదారు డోలావిడకు పోస్టాఫీసు పరిచయం.

గురువారం మా దగ్గరకు విదేశీ టీము వచ్చింది. వాళ్ళు ఇటు సగంలో ప్రాక్టీసు చేస్తుంటే, సార్ అటు మూలన ఫోను ముందు ముళ్ళ గడ్డపార పట్టుకుని, ఎట్లా పొడవాలో, ఎట్లా తీయాలో అక్కడి నలభై మందికి చూపిస్తున్నాడు. అంత ఖరీదైన గడ్డిని దాని పెద్దే పొడుస్తూ ఉంటే ఆ టీము కోచ్ బంతి వదిలేసి అటే చూస్తూ నిలబడ్డాడు. నేను వెళ్ళి, "రొటీన్ మెయింటెనెన్స్" అని చెప్పాను. తల ఊపాడు గాని నమ్మినట్టు లేదు.

శుక్రవారం మాకు సెలవు. క్యాంపులో అందరూ క్రికెట్ ఆడుతున్నారు. కాకా నేనూ ఆ ఆట చుట్టూ గోడ వారగా తిరుగుతూ ఉన్నాం. అరగంటకోసారి కాక, "దిగిందా?" అనేవాడు. నేను ఫోను చూసి లేదనేవాణ్ణి. ఒకసారి బంతి వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. ఎవరో "ఏ, అందియ్యవయ్యా" అని అరిచారు. నాకు వినబడింది గాని వంగాలని తోచలేదు. కాకే తీసి విసిరాడు. తర్వాత చాలాసేపటికి అన్నాడు:

"ఆ పోలెండాయన ఇంటికి వోయి గదే చేస్తనన్నడు గదా. మనమే చెడగొడితిమి."

"మనం గాదు కాకా. చెప్పింది నేను."

"తొక్కుమన్నది నేను."

దీని మీద కొంచెంసేపు వాదించుకున్నాం. తప్పు నాదంటే నాదని ఇద్దరు మనుషులు కొట్టుకోవడం నేను చూసిన మొదటిసారి అదే, అందులో ఒకణ్ణి నేను కావడం మరీ వింత. సాయంత్రం నాలుగింటికి ఫోటో వచ్చింది. మడి నీళ్ళు పోయి గొర్రె గిట్టలంత గుంటల్లో మిగిలాయి. బాతులు లేవు. మిగతాది అంతా బురద, చిల్లులు, ఇసుక. చూడటానికి గోలు ముందు మశూచి పోసినట్టుంది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి, వాళ్ళకు పన్నెండు, సార్, కాక, నేను, డ్రైవర్ భాయ్ వ్యాన్‌లో కూర్చున్నాం. ఫోను అద్దం దగ్గర స్టాండుకు పెట్టాడు భాయ్. డోలావిడ తన ఫోను కోటు పై జేబులో పెట్టుకోవడంతో మాకు కనబడిందల్లా ఆకాశం, అప్పుడప్పుడూ ఎవరిదో గడ్డం. ఇద్దరు వచ్చారని సార్ చెప్పాడు. ఒకాయన చేతిలో టేపు, ఇంకొకాయన చేతిలో అట్టకు గుచ్చిన కాగితాలు.

"ఏమంటున్నరు?" అన్నాడు కాక.

"కొలుస్తున్నారు."

"ఏం గొలుస్తున్నరు, లోతా?"

"పొడవు కాకా, పొడవు."

ఆమె ఒక పక్కకు తిరిగితే నలభై మందీ కనబడ్డారు. గోలు ముందు, ఒకే వరుసలో, పలకల మీద, భుజం భుజం ఆనించి. బురద కనబడకుండా. ఇది సార్ చెప్పింది కాదు, నేను చెప్పింది అసలే కాదు. అట్ట పట్టుకున్నాయన వాళ్ళ ముందుకు వచ్చి ఆగాడు. ఏదో అన్నాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ అన్నాడు. వరుస మధ్యలో విడిపోయి రెండు తలుపుల్లా తెరుచుకుంది.

ఆయన లోపలికి నడిచాడు. మాకు మళ్ళీ ఆకాశం వచ్చింది. సార్ చెయ్యి డాష్‌బోర్డు మీద తాళం వేస్తోంది. కాక కళ్ళు మూసుకున్నాడు. డ్రైవర్ భాయ్ ఏసీ చప్పుడు తగ్గించాడు, తగ్గిస్తే వాళ్ళ భాష నాకేదో అర్థమైపోతుందన్నట్టు. చాలాసేపు బూటు బురదలోంచి లాగుతున్న చప్పుడు, తర్వాత దాన్ని గోలు స్తంభానికి రాసి తుడుచుకుంటున్న చప్పుడు. అడుగులు దూరం పోయాయి. ఒక తలుపు మూసుకుంది. పావుగంట ఏమీ లేదు. ఆ పావుగంటలో నేను వ్యాన్ దిగి మూడుసార్లు చుట్టూ తిరిగి ఎక్కాను.

ఆ తర్వాత డోలావిడ గొంతు. రెండు ముక్కలు. సార్ నుదురు డాష్‌బోర్డుకు ఆనించాడు.

"పాస్" అన్నాడు.

కాక కళ్ళు తెరిచి, "దిగినయా నీళ్ళు?" అన్నాడు.

నేను సార్‌ను ఇంగ్లీషులో అడిగాను. "నీళ్ళ సంగతి అడగలేదట." ఆమె పంపిన ఫారం ఫోటోను సార్ మాకు ఒక్కో వరుసా చదివి చెప్పాడు. మైదానం పొడవు. వెడల్పు. కంచె ఎత్తు. అంబులెన్సు పట్టేంత గేటు. గడ్డి, మట్టి అనే వరుస ఆ ఫారంలో లేదు. అది మ్యాచ్ రోజు రిఫరీ చూసుకునే విషయం. తలుపు వెనక ఆ పావుగంట ఆయన చూసింది బయటి టీము గదిలో షవర్లు. కనీసం రెండు ఉండాలి. రెండున్నాయి. ఒకదాంట్లో వేడినీళ్ళు రావు, కాని ఫారంలో అడిగింది సంఖ్య మాత్రమే.